కొలిమి గోడ మీద నాచు

కుంచెకు అంటిన బూడిదరంగును చిన్నోడు గుడ్డకేసి తుడిచాడు. మళ్ళీ తుడిచాడు. గుడ్డ మీద చార పడటం ఆగాక, కుంచెను కమ్మరి ఇంటి గోడ మీద అటూ ఇటూ ఆడించాడు. ఉందా లేదా అన్నంత రంగు రాళ్ళ అంచులకు మాత్రమే అంటింది. సందులు నల్లగా మిగిలాయి. ప్లాస్టిక్ ముక్క రాతిగోడ అయింది.

ఇల్లు జానెడు ఎత్తు. రెండంతస్తులు, వెనక కొలిమి గది, దాని మీద పొగగొట్టం. ఇలాంటివి ఇరవై ముప్ఫై ఇళ్ళు బల్ల మీద ఊరిలా పేర్చుకుని, వాటి మధ్య వేలి కణుపంత సైనికుల్నీ రాక్షసుల్నీ నడిపిస్తూ, పాచికలేసి యుద్ధం ఆడుకునేవాళ్ళు ఉన్నారు. వాళ్ళను చిన్నోడు ఎప్పుడూ చూడలేదు. దుకాణం మనిషి బండి మీద తెల్ల ఇళ్ళు తెచ్చిస్తాడు, రంగేసినవి పట్టుకుపోతాడు.

చిన్నోడికి యాభై రెండేళ్ళు. ఆ పేరు పెట్టింది అన్న. అన్న ఇప్పుడు బల్లకు మూడడుగుల దూరంలో, మంచం మీద, ముక్కులో గొట్టాలతో పడుకుని ఉన్నాడు. వీధిలో అందరూ ఆయన్ని మేస్త్రి అంటారు. నలభై ఏళ్ళు రాళ్ళు కోశాడు, గోడలు కట్టాడు. ఆ దుమ్ము ఊపిరితిత్తుల్లో గడ్డకట్టింది. రెండు నెలల కింద డాక్టరు ఎక్స్‌రే చూపించి, "ఇంక మేం చేసేదేం లేదు, ఇంట్లోనే చూసుకోండి" అన్నాడు. మంచం పక్కన ఆక్సిజన్ మిషన్ రోజంతా నడుస్తుంది.

వదిన బట్టల కంపెనీలో గుండీలు కుడుతుంది. పనికి బయల్దేరుతూ బల్ల దగ్గర ఆగింది.

"ఇవాళ తప్పెక్కడ పెడుతున్నావ్?" అంది, గొంతు తగ్గించి.

"కొలిమి గోడకి నాచు."

"కనిపెడతారా?"

"నిప్పు పక్కన నాచు వదినా. మేస్త్రి కాకపోయినా కనిపెడతారు."

"మరీ అంత తేలిగ్గా పెడితే నీకు పని రాదనుకుంటారు."

"అది ఎప్పుడో అనేసుకున్నాడు."

వదిన నవ్వు ఆపుకుంటూ చెప్పులేసుకుంది.

ఆస్పత్రి నుంచి వచ్చాక మేస్త్రి నాలుగు రోజులు ఎవరితోనూ మాట్లాడలేదు. ముద్ద ముట్టలేదు. ఐదో రోజు చిన్నోడు ఒక సత్రానికి చూరు నుంచి కిందికి చెమ్మ మరకలు దింపుతున్నాడు. "చెమ్మ కింది నుంచి ఎక్కుతుందిరా గాడిదా," అని మంచం మీది నుంచి వినబడింది. "పునాది చూసుకో." ఆ మధ్యాహ్నం అన్నం అడిగి తిన్నాడు. ఆ రోజు తప్పు నిజంగా తప్పే. అప్పటినుంచి ప్రతి ఇంటికీ చిన్నోడు కావాలని ఒకటి పెడుతున్నాడు. మేస్త్రి తిడతాడు, చిన్నోడు దిద్దుతాడు, తర్వాత ఆయన కాస్త తింటాడు.

ఒకసారి బురుజుకు తూము కింద మరక వేయకుండా చూపించాడు.

"ఇందులో ఎవడుంటాడ్రా?"

"మంత్రగాడన్నా."

"మంత్రగాడైతే వాన తడపదా? నీళ్ళు ఎటుపోతాయి, నీ నెత్తి మీదికా?"

చిన్నోణ్ణి పదిహేడేళ్ళప్పుడు పనికి తీసుకెళ్ళింది కూడా ఆయనే. మొదటి రోజే పరంజా రెండో వరస మీద చిన్నోడి కాళ్ళు వణికాయి. "దిగు. నువ్వు కిందే ఉండు," అన్నాడు మేస్త్రి. కిందే ఉండిపోయాడు. ఇసుక జల్లెడ పట్టాడు, చెయ్యి అందినంత ఎత్తుకు గోడలకు సున్నం వేశాడు. పెళ్ళి సంగతి ఇంట్లో ఎవరూ ఎత్తలేదు, తనూ ఎత్తలేదు. అన్నా వదినల దగ్గరే ఉన్నాడు. ఇన్నేళ్ళలో బాగుంది అన్న మాట అన్న నోట వినలేదు. బాగుంటే మేస్త్రి ఏమీ అనడు. పక్క గోడకి వెళ్ళిపోతాడు.

పదకొండింటికి చిన్నోడు గమ్ములో రంపపు పొట్టూ ఆకుపచ్చ రంగూ కలిపాడు. పుల్లతో తీసి కొలిమి గోడకు అడుగు నుంచి పొగగొట్టం దాకా అద్దాడు. ఆ గమ్ము సాయంత్రం దాకా ఆరదు. ఈలోగా తడిగుడ్డతో తుడిస్తే పోతుంది.

మేస్త్రి లేచేదాకా ఆగి, ఇంటిని అరచేతిలో పెట్టుకుని మంచం దగ్గరికి వెళ్ళాడు.

"అన్నా, చూడు."

మేస్త్రి చూశాడు. చాలాసేపు చూశాడు.

"బాగుందిరా," అన్నాడు.

చిన్నోడు ఇంటిని తిప్పి కొలిమి గోడ ఆయన ముఖానికి దగ్గరగా పట్టుకున్నాడు. "వెనక చూడన్నా."

"చూశా. బాగుంది."

"కొలిమి గోడన్నా ఇది. లోపల నిప్పుంటుంది." వేలు పెట్టి చూపించాడు. వేలికి ఆకుపచ్చ అంటింది.

మేస్త్రి కళ్ళు మూసుకున్నాడు. రెండు ఊపిర్లు తీసుకున్నాక మాట వచ్చింది. "నువ్వేశావుగా. సరిగ్గానే ఉంటుందిలే."

చిన్నోడు బల్ల దగ్గరికి వచ్చి ఇంటిని పెట్టాడు. కుర్చీలో కూర్చున్నాడు. లేచి వదినకు ఫోన్ చేశాడు.

"ఏమన్నారు?" అంది వదిన. వెనక మిషన్ల చప్పుడు.

"బాగుందన్నాడు."

అటు మిషన్ల చప్పుడు దూరమైంది.

"రెండుసార్లు అన్నాడు వదినా."

"వస్తున్నా," అంది.

బస్సులో గంట ప్రయాణం. ఆటోలో అరగంటలో వచ్చింది. మెళ్ళో కొలత టేపు తియ్యలేదు. మంచం చివర కూర్చుని అరికాళ్ళు రుద్దింది. చిన్నోడు గాలి పెంచుదామని మిషన్ మీట తిప్పబోయాడు. అది అప్పటికే చివరిదాకా తిప్పి ఉంది. డాక్టరుకు ఫోన్ చేస్తే, అప్పుడు చెప్పిందే మళ్ళీ చెప్పాడు. చిన్నోడు కిటికీ తెరిచాడు. తెరిచాక అక్కడే నిలబడ్డాడు.

"ఏవండీ, చిన్నోణ్ణి ఒకసారి తిట్టండి," అంది వదిన. "చూడండి ఎలా నిలబడ్డాడో."

మేస్త్రి పెదవి కదిలింది.

మూడు దాటాక ఆయన ఒక ఊపిరి వదిలాడు. తర్వాతి దానికోసం ఇద్దరూ చూశారు. మిషన్ నడుస్తూనే ఉంది. దాన్ని ఆపాలని కాసేపటిదాకా ఎవరికీ తోచలేదు.

ఇరుగుపొరుగు వచ్చారు. చోటు చాలక ఎవరో బల్లను, దాని మీద ఉన్నవన్నీ ఉన్నట్టే, వరండాలోకి జరిపారు.

దుకాణం మనిషి ఐదింటికి వచ్చాడు. గుమ్మం ముందు చెప్పులు చూసి బండి దూరంగా ఆపాడు. సంగతి తెలుసుకుని బల్ల పక్కన నిలబడ్డాడు. చిన్నోడు బయటికి వచ్చాడు.

"ఇది అయిపోయినట్టుంది. నేను తర్వాతైనా వస్తాలెండి," అన్నాడు దుకాణం మనిషి.

"అవలేదు. ఒకచోట తప్పుంది."

దుకాణం మనిషి వంగి నాలుగు వైపులా చూశాడు. "నాకేం కనబడట్లేదండీ."

చిన్నోడు తడిగుడ్డ చేతిలోకి తీసుకున్నాడు. లోపలినుంచి వదిన పిలిచింది. గుడ్డ అక్కడే వదిలి వెళ్ళాడు.

దుకాణం మనిషి కొంతసేపు నిలబడి, బండిని ఇంజన్ వేయకుండా వీధి చివరిదాకా నడిపించుకుపోయాడు.

కమ్మరి ఇల్లు వరండాలో బల్ల మీదే ఉంది. కొలిమి గోడ మీద నాచు ఇంకా ఆరలేదు.