వీరన్న వారాలు

గురువారం వీరన్న భోజనం తాయారు ఇంట్లో. ఆ రోజు గోనెసంచులు కుట్టే పనికి తాయారు వెళ్ళదు. పొద్దున్నే కుళాయి దగ్గర రెండు బిందెలు పట్టి దింపి, రైలుపట్టాలు దాటి చేపల బజారుకి వెళ్ళి నెత్తళ్ళు కొనుక్కొస్తుంది. పులుసులో చింతపండు కాస్త ఎక్కువే పిసకాలి, లేకపోతే వీరన్న వంకలు పెడతాడు. మనిషి చచ్చినా వీడి నాలిక చావలేదని తిట్టుకుంటూనే పిసుకుతుంది.

సోమవారం మహాలక్ష్మమ్మ ఇల్లు, మంగళవారం నూకాలు ఇల్లు, అలా వారానికి ఏడిళ్ళు. కంచరపాలెంలో ఆ సందు ఆడవాళ్ళు ఏడుగురు కలిసి వీరన్నని కొట్టి చంపారు. తరవాత వచ్చిన సోమవారమే వాడు తల తుడుచుకుంటూ వచ్చి మహాలక్ష్మమ్మ గుమ్మంలో చతికిలబడి, "ఆకలేత్తంది, ఏటున్నా పెట్టు" అన్నాడు. ఆవిడ కంచం కడిగి పెట్టింది. మర్నాడు నూకాలు ఇంటికి వెళ్ళాడు. కొట్టినవాళ్ళు పెట్టుకోవాలి గదా అని సందులో అందరూ అనుకున్నారు. చదువుకునే బీదపిల్లలు రోజుకో ఇంట్లో తిని వారాలు గడుపుకున్నట్టు, వీరన్నకీ వారాలు కుదిరిపోయాయి.

వాణ్ణి ఊరికే చంపలేదు. సారా కొట్టు నడిపేవాడు. సరుకు చాలనప్పుడు చెక్కసామానుకి మెరుగు పెట్టే స్పిరిట్టు కలిపి అమ్మాడు. ఒక్క రోజులో నలుగురు మొగాళ్ళు పోయారు. తాయారు మొగుడు తవిటయ్య పోర్టులో కలాసీ. అతను బతికాడు గానీ, తెల్లారి లేచి కూర్చుని, "దీపం ఎందుకార్పీసినావే?" అని అడిగాడు. అప్పటికి ఎండ అతని ఒళ్ళో పడుతోంది.

వీరన్నని పోలీసులు పట్టుకుపోయారు, సాక్ష్యం చాలదని మళ్ళీ వదిలేశారు. వచ్చినవాడు వచ్చినట్టే కొట్టు తలుపులు తీసి గ్లాసులు కడుక్కున్నాడు. అది చూశాక ఇంకెవరు ఊరుకుంటారు? పోయినవాళ్ళ తాలూకు ఆడవాళ్ళూ తాయారూ పట్టపగలు వాణ్ణి బయటికి ఈడ్చి, చేతికందినదాంతో కొట్టారు. వాడు "అమ్మా, అమ్మా" అని అరుస్తూనే ఉన్నాడు. ఆ అరుపు ఆగిపోయాక ఆరుగురూ ఆగారు. తాయారు ఆగలేదు. రెక్కలు పట్టుకుని లాగితే గానీ వదల్లేదు. ఎవరు కొట్టారని అడిగితే ఏడుగురూ "నానే" అన్నారు. కేసు ఎటూ తేలలేదు.

ఆ సంగతిలో తాయారుకి దిగులేం లేదు. ఆమె దిగులల్లా గురువారాలే. ఎందుకంటే గురువారం కోసం తవిటయ్య కాచుకుని కూర్చుంటాడు.

"వచ్చీసినావా ఈరన్నా? ఇయ్యాల పోర్టుకి ఏటొచ్చింది?"

"పెద్ద ఓడ బావా. ఎర్రటి అడుగు, నల్లటి పొట్ట. యారాడ కొండ లేచొచ్చి నిలబడినట్టున్నాది. గోదుమలు దింపుతన్నారు. మీ కలాసీల కన్నా పావురాలే ఎక్కువ మోసుకెళ్ళిపోతన్నాయి."

"పావురాలకి కూలెవడిత్తాడ్రా?"

"మేస్త్రీని అడిగితే, వచ్చే వారం రమ్మన్నాడట!"

తవిటయ్య పొట్ట పట్టుకుని నవ్వుతాడు. తక్కిన ఆరు రోజులూ గోడకి ఆనుకుని ఉంటాడు ఆ మనిషి. పెడితే తింటాడు, పిలిస్తే ఊ అంటాడు. ఆ గురువారం తాయారు పులుసు గిన్నె ఠపీమని నేలమీద పెట్టింది.

"నీ కళ్ళు తీసినోడితోనా మావా ఈ ఇకఇకలు?"

"మరి నువ్వు సెప్పవు గదే, ఓడలెలాగున్నాయో."

తాయారు గంజి వార్చిన గిన్నె పట్టుకుని బయటికొచ్చింది. గుమ్మం ముందు మురుక్కాలవకి అవతల అసిరమ్మ నిలబడి ఉంది. ఆ ముసలమ్మ వీరన్న తల్లి. సందు చివర ఉంటుంది. ఆమె కొట్టలేదు కనక ఆమె ఇంటికి వారం రాలేదు. సందులో వాడికి ఆ ఏడిళ్ళవాళ్ళే కనిపిస్తారు. కొడుకు ఆమెకి కనిపిస్తాడు, ఆమె మాత్రం కొడుక్కి కనిపించదు, వినిపించదు. అందుకని రోజుకో ఇంటి ముందు నిలబడి, వాడు ముద్ద కలిపి నోట్లో పెట్టుకోవడం చూసి వెళ్ళిపోతుంది.

తాయారు గంజి కాలవలో పొయ్యలేదు. కాలవ దాటించి పోసింది. అది పొగలు కక్కుతూ ముసలమ్మ పాదాల మీద పడింది. ముసలమ్మ కాలు తియ్యలేదు.

"అమ్మా తాయారూ," అంది. "ఈ ఒక్క వారం నాకిచ్చీయమ్మా. వాడికి నాను వండి పెట్టుకుంటాను."

"ఇవ్వడానికి అదేటి, కూరాకా? పిలుచుకో. వత్తే తీసుకుపో."

"నా గొంతు వాడికి ఇనిపించట్లేదు."

"ఆ రోజు వాడి గొంతు నీకు ఇనిపించిందా? అమ్మా అని అరుత్తుంటే తలుపేసుకుని కూకున్నావు. నాను సూడలేదనుకున్నావా?"

"ఇనిపించింది." ముసలమ్మ కొంగుతో నోరు తుడుచుకుంది. "పీపాలో అది పోసి కర్రతో తిప్పుతుంటే కూడా సూసినాను తాయారూ. ఏట్రా అది అనడిగితే, నీకెందుకే అన్నాడు. అప్పుడే ఒకటి పీకుంటే మానీసుండును. ఎదిగిన కొడుకు గదా, సెయ్యెలా ఎత్తీదని ఊరుకున్నాను."

తాయారుకి ఒళ్ళు భగ్గుమంది. తన మొగుడి కళ్ళు పోకముందే ఈ ముసలిదానికి తెలుసన్నమాట.

"అయితే ఇప్పుడు కొట్టు. కొట్టినోళ్ళింటికే గదా వాడొచ్చేది? రా, నా గుమ్మంలోనే కొట్టు. నీ కడుపున పుట్టినోణ్ణి కొడితే ఎలాగుంటాదో నీకూ తెలుత్తాది."

ముసల్ది ఏడ్చుకుంటూ పోతుందనే అంది ఆ మాట. ముసలమ్మ పోలేదు. చీర కాస్త ఎత్తిపట్టి కాలవ దాటింది, గుమ్మం ఎక్కింది. వీరన్న తలొంచుకుని నెత్తళ్ళ ముళ్ళు ఏరుకుంటున్నాడు. ఆమె ఎదురుగా నిలబడింది. రెండుసార్లు చెయ్యెత్తి దింపింది. మూడోసారి చెంప పగిలేలా కొట్టింది. వాడి నోట్లో ముద్ద ఎగిరి గోడకి తగిలింది.

వీరన్న చెంప తడుముకుని తలెత్తాడు. "అమ్మా! ఎప్పుడొచ్చినావే?"

"ఇప్పుడే. ఇంటికి రా."

వాడు అన్నం అలాగే వదిలేసి చెయ్యి కడుక్కున్నాడు. తవిటయ్య చేతులు గాల్లో తడుముతున్నాడు. "ఏటయింది? ఈరన్నా, ఎళ్ళిపోతన్నావా? మరి నానో?"

"నువ్వూ రా బావా," అని వీరన్న అతని చెయ్యి తీసుకుని తన భుజమ్మీద వేసుకున్నాడు. "మెట్టున్నాది, కాలెత్తు. ఇక్కడ కాలవ. ఊఁ, దాటు."

తాయారు, "మావా! ఎక్కడికి?" అని అరిచింది. ముగ్గురూ సందు చివరికి నడిచి వెళ్ళిపోయారు.

ఆ వెళ్ళడం వెళ్ళడం, వీరన్న మళ్ళీ ఏ ఇంటికీ వారానికి రాలేదు. తవిటయ్య రాత్రికి ఇల్లు చేరలేదు, మర్నాడూ రాలేదు.

"పీడ విరగడయింది ఒదినా," అంది నూకాలు కుళాయి దగ్గర. "ఎన్నాళ్ళని మేపుతాం? మనం సేసింది నాయమే గదా?"

"నాయమే," అంది తాయారు. బిందె అక్కడే వదిలేసి సందు చివరికి నడిచింది.

అసిరమ్మ ఇంట్లో ఇద్దరికీ కంచాలు పెట్టి ఉన్నాయి. వీరన్న చేపముక్కలో ముళ్ళు తీసి తవిటయ్య కంచంలో వేస్తున్నాడు. గుమ్మంలో నీడ పడితే చూసి, "ఎవరు కావాలమ్మా?" అన్నాడు.

వాడు వేళాకోళమాడటం లేదు. మొహంలో తెలిసిన గుర్తే లేదు.

"నాన్రా, తాయారుని. నిన్ను కొట్టి సంపిందాన్ని."

వీరన్న తల్లి వంక చూశాడు. "నన్ను కొట్టింది మా అమ్మ గదా."

"అవున్నాయినా, నానే కొట్టినాను," అంది అసిరమ్మ. "తిను."

తాయారు గుమ్మం పట్టుకుంది. "మావా, నువ్వైనా సెప్పు. నీ కోసమే గదా వాణ్ణి కొట్టినాను. నీ కళ్ళ కోసమే గదా!"

తవిటయ్య నమలడం ఆపి, మాట వచ్చినవైపు మొహం తిప్పాడు.

"నానడిగినానా?" అన్నాడు. మళ్ళీ కంచం వైపు తిరిగి, "ఊఁ, సెప్పరా ఈరన్నా, ఆ ఓడేటయింది?" అన్నాడు.

అసిరమ్మ ఇద్దరి కంచాల్లోనూ ఇంకో గరిటెడు పులుసు పోసింది.

"తాయారూ, పోతూ పోతూ ఆ తలుపు దగ్గరగా ఏసి ఎళ్ళమ్మా," అంది. "పిల్లలు తింటన్నారు."

తాయారు తలుపు దగ్గరగా వేసింది.