సెఫెరీనా అవ్వ సత్తు జగ్గు

తెల్లవారితే ఆ వీధిలో ముందు లేచేవి రోళ్ళు, తర్వాతే కోళ్ళు. ప్రతి వాకిట్లో ఒక ఆడమనిషి ఎర్రమట్టి ఊడ్చేసి, చిన్న చెక్కరోట్లో పుదీనా, నిమ్మగడ్డి, ఏవో వేళ్ళు వేసి దంచుతూ ఉంటుంది. దంచినదాన్ని మంచునీళ్ళలో కలిపి, తేయాకులాంటి ఎండుటాకు నింపిన ఎద్దుకొమ్ము కప్పులో పోసి, ఒకే గొట్టంతో వంతులవారీగా తాగడానికి కుర్చీలు గుండ్రంగా వేస్తారు. దాన్ని తెరెరే అంటారు. పరాగ్వేలో తెరెరే వద్దన్న మనిషి నుదుటిమీద చెయ్యి పెట్టి జ్వరం ఉందేమో చూస్తారు.

సెఫెరీనా అవ్వ సత్తు జగ్గు అందరి జగ్గుల్లాంటిదే. సొట్టలు పడింది, పిడి ఊగుతుంది. గుండ్రంలో ఎవరైనా థాంక్స్ అనేదాకా అందులో నీళ్ళు అయిపోవు. తెరెరే దగ్గర థాంక్స్ అంటే ఇక చాలు, లేస్తున్నాను అని అర్థం. ఆ మాట అవ్వ జగ్గు కూడా వింటుంది. విన్న మరుక్షణం దానిలో మిగిలిన నీళ్ళన్నీ ఆ సమయానికి ఎవరి చేతిలో కప్పు ఉంటే ఆ కప్పులోకి చేరతాయి. గొట్టం గురగురమనేదాకా ఆ మనిషి తాగాల్సిందే. అంతవరకు లేవకూడదు, కప్పు పక్కవాళ్ళకు ఇవ్వకూడదు. వీధిలో అందరికీ ఇది తెలుసు. అందుకే పనుంటే లేచి వెళ్ళేముందు కప్పు ఎవరి దగ్గరుందో ఓ చూపు చూసుకుంటారు.

తెలియనిది బెనీతా ఒక్కదానికే.

బెనీతా బొలీవియాలో చలికొండల మీద పుట్టిన పిల్ల. మిషనరీగా వచ్చి, తోటి మిషనరీ ఫాబియోలాతో కలిసి అవ్వ ఇంటి వెనకగది అద్దెకు తీసుకుంది. సోమవారం నాడు ఫాబియోలాకు డెంగీ జ్వరం తగులుకుంది. ఆడమిషనరీలు ఒంటరిగా గడప దాటకూడదని వాళ్ళ సంఘం నియమం. ఒకరు పడకేస్తే ఇద్దరూ పడకేసినట్టే. అదే రోజు నీళ్ళ మోటారు కాలిపోయింది. బెనీతా బూటు అడుగు ఊడి నోరు తెరిచింది. మనసు చిన్నబుచ్చుకుని వాకిట్లో కూర్చుంటే అవ్వ కప్పు అందించింది. బెనీతా తాగి, అమ్మ నేర్పినట్టు తలవంచి, "థాంక్స్ అవ్వా" అంది.

అప్పుడే కప్పు అందుకున్న పెర్లా తల పట్టుకుంది. పెర్లా బస్టాండులో చిపా రొట్టెలు అమ్ముతుంది. గంప కట్టి సిద్ధంగా పెట్టుకుంది.

"చంపావు కదా సిస్టరమ్మా. ఇంక ఇవాళ బస్సులోళ్ళు ఆకలితో పోవాల్సిందే."

మధ్యాహ్నందాకా ఆమె అక్కడే కూర్చుని తాగింది. రొట్టెలు వీధి పిల్లలు తిన్నారు.

"మీ ఊళ్ళో అన్నిటికీ థాంక్స్ చెప్తారా పిల్లా?" అంది అవ్వ.

"చెప్తాం. చెప్పకపోతే పొగరు అంటారు."

"మగపిల్లల్నీ అంటారా?"

బెనీతా ఆలోచనలో పడింది. ఇచ్చినవాడికే కాదు, ఇవ్వనివాడికీ థాంక్స్ చెప్పడం ఆడపిల్లకు నేర్పే మొదటి పాఠం. బస్సులో సీటు ఇవ్వనివాడు కాస్త జరిగితే చాలు, తను థాంక్స్ చెప్పేది. తనకూ అన్నకూ కలిపి తెచ్చిన సైకిలును అన్న ఒక్కడే తొక్కి చివర్లో గంట కొట్టనిస్తే, దానికీ చెప్పింది.

సాయంత్రం లూసియానో ఫోన్ చేశాడు. ఆ ప్రాంతపు మిషనరీలకు అతను నాయకుడు. ఇరవయ్యేళ్ళవాడు, గడ్డం ఇంకా అక్కడక్కడా మొలుస్తోంది.

"ఇవాళ ఎన్ని ఇళ్ళకు వెళ్ళారు సిస్టర్?"

"వెళ్ళలేదు బ్రదర్. ఫాబియోలాకు జ్వరం."

"కష్టంలోనే చిన్నచిన్న దీవెనలు వెతకాలి. రోజూ కొన్ని వెతికి నాకు చెప్పండి. కృతజ్ఞత మర్చిపోకండి. ఇంకో మాట, ఆ ఇంట్లో ఏదో కుటుంబ గొడవ ఉందట. అందులో తలదూర్చకండి."

"థాంక్స్ బ్రదర్" అంది బెనీతా. దేనికో తనకే తెలియలేదు.

ఆ కుటుంబ గొడవ పేరు సెల్సా. అవ్వ అక్క కూతురు. లేసు అల్లుతుంది. చెక్క చట్రానికి గుడ్డ బిగించి, దాని మీద సూదీ దారాలతో సాలెగూడులాంటి చక్రాలు పరుస్తుంది. ఆమె చెయ్యి పడిన లేసు పెళ్ళిబట్టల మీద ఉంటే చుట్టాలు పెళ్ళికూతుర్ని వదిలేసి అంచు చూసేవాళ్ళు. మొగుడు ఎవారిస్తో తోలుపని చేస్తాడు. జీనులు, బూట్లు కుడతాడు. దుకాణంలో అమ్ముడుపోయేది మాత్రం సెల్సా లేసే. బోర్డు మీద ఎవారిస్తో పేరుంటుంది. సెల్సాను వాకిలి దాటనివ్వడు. బయటికి వెళ్తే చెయ్యి పాడవుతుందంటాడు. మొన్న ఆదివారం ఆ చేతినే మెలితిప్పాడు. ఆమె చట్రం ఒకటి చంకన పెట్టుకుని అవ్వ ఇంటికి వచ్చేసింది.

లేసు అల్లే ఆడవాళ్ళంతా కలిసి నడుపుకునే ఇల్లొకటి ఇతాగ్వా ఊళ్ళో ఉంది. ఉండటానికి గది, పనికి తన పేరు. వాళ్ళ వ్యాను శనివారం మధ్యాహ్నం ఊళ్ళు తిరుగుతూ ఈ వీధికి వస్తుంది. సెల్సా దాన్ని ఎక్కితే బయటపడ్డట్టే. అంతవరకు ఎవారిస్తో ఆమెను తీసుకుపోకూడదు.

"వచ్చాడంటే ఏం చేస్తావు అవ్వా?" అని అడిగింది బెనీతా.

"కూర్చోబెట్టి తెరెరే ఇస్తాను. అల్లుడు కదా."

గుండ్రంలో కూర్చున్న మనిషిని జగ్గులో నీళ్ళుండగా లాక్కుపోవడం ఆ ఊళ్ళో లేదు. పోలీసైనా గేటు దగ్గర నిలబడతాడు. లాగినవాడికి ఇక జన్మలో ఎవరూ కప్పు అందించరు. అలా బతకడం ఎవారిస్తో లాంటివాడివల్ల కాదు, నలుగురిలో మంచివాడనిపించుకునే రకం.

ఆ వారం బెనీతా దీవెనలు వెతికింది. వెతికితే దొరికాయి కూడా. మంగళవారం కోడిపెట్ట వచ్చి ఊడిన బూటులో గుడ్డు పెట్టింది. దాన్ని ఉడికించి ఫాబియోలాకు పెట్టారు. మోటారు లేక అల్లాడుతుంటే బుధవారం వాన వచ్చి బిందెలన్నీ నింపి పోయింది. సెల్సా మెలితిరిగిన చేతిని వేడి ఉప్పునీళ్ళలో నానబెట్టుకుంటూ, రెండో చేత్తో ఫాబియోలా దోమతెర చిరుగు కుట్టింది. చిరుగున్నచోట ఓ పువ్వు మిగిలింది. జ్వరంలో ఫాబియోలా గంటలకొద్దీ ఆ పువ్వునే చూస్తూ పడుకుంది. శుక్రవారం లేచి గంజి తాగింది, ఉప్పు చాలలేదని తిట్టింది. ఆ తిట్టు విని బెనీతా గంతేసింది.

శనివారం పొద్దున్నుంచి వాకిట్లో ఎవరికీ కాలు నిలవలేదు. పెర్లా గేటుకూ వీధి మలుపుకూ మధ్య తిరుగుతోంది. సెల్సా మూట కట్టుకుని కుర్చీ కిందకు తోసింది. ఎండ నడినెత్తికొచ్చి వీధి వీధంతా నిద్రకు వాలుతున్న వేళ, గేటు దగ్గర చప్పట్లు వినిపించాయి. అక్కడ తలుపు కొట్టరు, చప్పట్లు కొడతారు. నెమ్మదిగా, మర్యాదగా మోగాయి.

"ఉన్నారా అత్తా?"

ఇస్త్రీ చొక్కా, దువ్విన తల, భుజాన పనిముట్ల సంచి. ఎవారిస్తో నవ్వుతూ నిలబడ్డాడు.

"రా అల్లుడూ, కూర్చో" అంది అవ్వ. "ఇప్పుడే మొదలెట్టాం."

అతను జగ్గును చూశాడు. సెల్సాను చూశాడు. కూర్చున్నాడు.

కప్పు తిరగడం మొదలైంది. ఎవారిస్తో తన వంతు వస్తే రెండు గుక్కల్లో ముగించి ఇచ్చేస్తున్నాడు. అతనూ ఆ వీధిలో పెరిగినవాడే. థాంక్స్ తనే అంటే తనొక్కడే లేచి పోవాలి. జగ్గు ఖాళీ అయి సెల్సాను తీసుకుపోవాలంటే ఇంకెవరి నోటివెంటైనా ఆ మాట రావాలి, ఆ సమయానికి కప్పు తన చేతిలోనూ ఉండకూడదు, సెల్సా చేతిలోనూ ఉండకూడదు. పెర్లా రొట్టెల్ని మెచ్చుకున్నాడు.

"నీ చేతి చిపా తిన్నాక ఇంకొకరిది నోట్లో పెట్టబుద్ధి కాదు పెర్లా."

"అందుకేనా పోయినసారి తిని నా మొహం చూడకుండా పోయావు?" అంది పెర్లా.

అవ్వ మోకాళ్ళకు పాముకొవ్వు తెచ్చిస్తానన్నాడు. అవ్వ తల ఊపింది. అప్పుడతని చూపు బెనీతా కాళ్ళ మీద పడింది.

"అయ్యో సిస్టర్, దేవుడి పనిమీద తిరిగేవాళ్ళు ఇలాంటి బూటేనా వేసుకునేది? ఇటివ్వండి."

ఆమె ఏదో అనేలోపే వంగి బూటు అందుకున్నాడు. సంచిలోంచి సూదీ మైనపుదారం తీశాడు. పనివాడే, అందులో వంక పెట్టడానికి లేదు. కుట్టు మీద కుట్టు వేసి, ముడి బిగించి, దుమ్ము కూడా తుడిచి, కప్పు అవ్వ చేతికి వెళ్ళేదాకా ఆగాడు. అప్పుడు రెండు చేతులతో బూటు అందించాడు.

"తీసుకోండి సిస్టర్. మళ్ళీ ఎండాకాలందాకా ఊడదు."

బెనీతా బూటు అందుకుంది. ఆ మాట నాలుక చివరికి వచ్చి కూర్చుంది. వాళ్ళమ్మ, బడి టీచరు, పాస్టరుగారు, లూసియానో, అందరూ వెనక నిలబడి వీపు మీద పొడుస్తున్నట్టుంది. ఒక మనిషి వంగి నీ బూటు కుట్టాడు, నోరు పెగలదా? ఎదురుగా సెల్సా తన చేతిని ఒళ్ళో దాచుకుని కూర్చుంది. మణికట్టు దగ్గర నలుపు ఇంకా పోలేదు. ఆ చేతిని మెలితిప్పినవే ఈ బూటు కుట్టిన వేళ్ళు.

బెనీతా బూటు తొడుక్కుంది. నేలకేసి రెండుసార్లు తాటించి చూసింది. తర్వాత రెండో బూటు విప్పి అతని ఒళ్ళో పెట్టింది.

"దీని మడమ కూడా కాస్త వదులుగా ఉంది. చూడండి."

పెర్లా చీపురు వెతుక్కుంటున్నట్టు అటు తిరిగింది. ఆమె భుజాలు ఊగుతున్నాయి. చెట్టుకు కట్టిన ఊయలలో పడుకున్న ఫాబియోలా దగ్గినట్టు నవ్వింది.

ఎవారిస్తో మొహం ఎర్రబడింది. కానీ అంతమంది చూస్తుండగా అడిగిన బూటు ఎలా తిప్పికొడతాడు? కుట్టడం మొదలెట్టాడు. కుట్లు ఈసారి పొడుగ్గా పడుతున్నాయి. వంతు వచ్చింది. అవ్వ కప్పు నింపి అతని ముక్కు కింద పెట్టింది. సూది ఒక చేతిలో, బూటు మోకాళ్ళ మధ్య. రెండో చేత్తో కప్పు అందుకున్నాడు.

వీధి మలుపులో హారన్ మోగింది.

అతను తల తిప్పాడు. ఆ తిప్పిన క్షణంలో సెల్సా లేచి నిలబడింది.

"థాంక్స్ పిన్నీ" అంది. "నాకు చాలు."

జగ్గు అడుగున ఠప్పుమని ఓ చప్పుడైంది. అవ్వ దాన్ని బోర్లించి చూపించింది. ఒక్క చుక్క లేదు.

సెల్సా కుర్చీ కిందినుంచి మూట లాక్కుంది, చట్రం చంకన పెట్టుకుంది. పెర్లా గేటు తెరిచి పట్టుకుంది. కుట్టిన ఒక్క బూటుతోనే బెనీతా ఆమె పక్కన పరుగెత్తింది. అడుగుకో తీరుగా కుంటుతూ, నవ్వుతూ, నిమ్మచెట్టు పక్కనుంచి, కోళ్ళ మధ్యనుంచి. గడప దాటకూడదన్న నియమం గుర్తొచ్చేసరికి రోడ్డు మధ్యన ఉంది. ఆ క్షణంలో ఏ నియమమూ ఆమె కాళ్ళకు అడ్డం పడలేదు. వ్యానులోంచి ఓ లావుపాటావిడ చెయ్యి చాచి ముందు చట్రాన్ని, తర్వాత మనిషిని లోపలికి లాక్కుంది.

ఎవారిస్తో గొట్టం పీలుస్తున్నాడు. బలంగా పీలుస్తున్నాడు. కళ్ళు బయటికొస్తున్నాయి. కప్పు నిండుగానే ఉంది.

"మెల్లగా అల్లుడూ, చల్లటి నీళ్ళు, పొలమారుతుంది" అంది అవ్వ.

వ్యాను ఎర్రదుమ్ము లేపుకుంటూ హైవే ఎక్కింది.

ఫోన్ మోగింది. లూసియానో.

"బ్రదర్, ఇవాళ మీరన్న కుటుంబ గొడవలో తలదూర్చాను" అంది బెనీతా ఆయాసపడుతూనే. "గడప కూడా దాటాను. రాసుకుంటారా, మళ్ళీ చెప్పనా?"

ఆమె ఆగకుండా గుడ్డు సంగతి, వాన సంగతి, దోమతెర మీది పువ్వు సంగతి, వ్యానులోంచి చాచిన చెయ్యి సంగతి చెప్పుకుంటూ పోయింది. ఎంతసేపు చెప్పినా ఇంకా మిగులుతూనే ఉన్నాయి. అతను పెట్టేశాడో వింటున్నాడో ఆమె చూసుకోలేదు.

ఎవారిస్తో కప్పు గురగురమనేసరికి పొద్దు వాలింది. అప్పటికి ఇతాగ్వాలో ఆడవాళ్ళు సెల్సాను పొడుగాటి గదిలోకి తీసుకెళ్ళారట. నాలుగైదు మంచాలు ఖాళీగా ఉన్నాయి. నాది ఏది అని అడిగిందట సెల్సా. నీకేది నచ్చితే అదే అన్నారట. ఆమె మూట చేత్తోనే పట్టుకుని, ఒక్కో మంచం మీద కూర్చుని చూసి, ఏ కిటికీలోంచి ఏం కనిపిస్తుందో చూసుకుని, మళ్ళీ మొదటిదాని దగ్గరికి వచ్చి, అన్నం చల్లారిపోతోందని వాళ్ళు పిలుస్తున్నా తొందరపడకుండా ఎంచుకుందట.