బాగుపడ్డ యాదగిరి

కుర్మయ్య ఇన్సులిన్ మానేసి రెండు రోజులైంది. మేడ్చల్ బస్ డిపో ఎదుటి నెట్ సెంటర్‌లో ప్రింట్ తీయించిన కాగితం ఆయన జేబులో ఉంది. నలభై రోజులు ఈ పొడి తాగితే షుగర్ మాయం, ఇక సూది అక్కర్లేదు అని అందులో ఉంది.

కూతురు వర్ష ఆ కాగితం గుంజుకుని చదివింది. కింద బాగుపడ్డవాళ్ల పేర్లున్నాయి. ఒకచోట ఆమె వేలు ఆగింది. యాదగిరి, లాల్‌గడి మలక్‌పేట్.

"నాయినా, నాకు మొదటి సంబంధం వచ్చినప్పుడు ఏం జేసినవ్?"

"పిల్లగాని ఊరికి వోయి మంగలి దుకాణంల అడిగిన. తాగుతడని తెల్సింది."

"మరి గీ యాదగిరి గురించి అడగవా? బండెక్కు."

దారిలో కుర్మయ్య నీళ్ల కోసం మూడుసార్లు స్కూటీ ఆపించాడు. ఎంత తాగినా నాలుక పిడచగట్టుకుపోతూనే ఉంది. వర్ష వేగం పెంచింది.

లాల్‌గడి మలక్‌పేట్‌లో మంగలి కత్తెర ఆపకుండానే ఇల్లు చూపించాడు.

యాదగిరి నిజంగానే ఉన్నాడు. మంచం మీద కూర్చున్నాడు, కుడి పాదానికి కట్టుతో. కాగితం చూసి తలూపాడు.

"రాసిచ్చింది నేనే అన్నా, అబద్ధం గాదు. పదో దినం మస్తు హుషారుగ ఉండె. గప్పుడే రాయించుకున్నరు."

"తర్వాత?" అంది వర్ష.

"నెల తిరగకముందే దవాఖానల వడ్డ. రెండు వేళ్లు తీసేసిండ్రు. గిది గూడ రాయుండ్రని ఎన్నిసార్లు ఫోన్ జేసిన! ఎవడు రాస్తడు?"

కుర్మయ్య లేచి, కూతురికన్నా ముందే బండి దగ్గరికి నడిచాడు.

"ఇంటిదాంక ఎందుకు బిడ్డా? శామీర్‌పేటల దవాఖానకే తోలు. జల్దీ."