ఇంగ్లీషువాళ్ళ సుగ్గి

ఐదో తరగతి పిల్లలకు ప్రపంచ చరిత్ర చెప్పమని రష్మిని ఎవరూ అడగలేదు. ఆఖరి పీరియడ్లో పిల్లలు కునికిపాట్లు పడుతుంటే చూడలేక తనే మొదలుపెట్టింది. పిరమిడ్లయ్యాయి, చైనా గోడయింది. ఓ రోజు గ్లోబు మీద ఆఫ్రికా చుట్టూ తిప్పి వాస్కో డ గామాను కాలికట్టులో దింపింది. వెనకే ఇంగ్లీషువాళ్ళనూ తెచ్చి, బోర్డు మీద పెద్దక్షరాలతో ‘వలస’ అని రాసింది.

"వాళ్ళు సరుకుల కోసం ఓడలెక్కి వచ్చినారు. మన దేశం వాళ్ళకు వలస రాజ్యమయింది."

ఇంకే బడిలోనైనా ఈ వాక్యం నోట్సులోకి పోయి చల్లగా పడుకుంటుంది. ఆదోని నుంచి ఎమ్మిగనూరు పోయే రోడ్డు మీది ఈ ఊళ్ళో పడుకోలేదు. రెండో వరసలోంచి శిరీష లేచి నిలబడింది.

"వాండ్లు గూడా సుగ్గికి వచ్చినారా టీచర్?"

రష్మి వాళ్ళు ఇంట్లో మాట్లాడేది కన్నడం. నాన్న శ్రీపాదరావు ఆదోనిలో గుడి అర్చకుడు. ఆ ఇంట్లో సుగ్గి అంటే పంట చేతికొచ్చే రోజులు, ఓ పండగ. ఈ ఊళ్ళో సుగ్గి అంటే ఇంటికి తాళమేసి, లారీ ఎక్కి, గుంటూరు దిక్కు మిరపకాయలు కోయడానికి వలసపోవడం. ఈ సంగతి ఆమెకు ఉద్యోగంలో చేరిన మొదటి జనవరిలోనే తెలిసొచ్చింది.

"ఏం కోసినారు టీచర్?" అన్నాడు కిరాణా అంగడి వాళ్ళ నరసింహ.

"ఏమీ కోయలేదు. మిరియాలు, పత్తి పట్టుకపోయినారు. మనల్ని ఏలినారు."

తరగతి నమ్మలేదు. శిరీష అయితే టీచరు లెక్క తప్పు చేసిందన్నట్టు చూసింది.

"సుగ్గికొచ్చినోండ్లు రాజులెట్లయితారు టీచర్? మా నాయన పుట్టకముందు నుంచీ గుంటూరికి పోతాండాం. మాకు గుంటూరు ఇయ్యలేదు గదా!"

నవ్వాల్సిన మాటే. రష్మికి నవ్వు రాలేదు. వివరించి చెప్పాల్సిన మాటే, చెప్పబుద్ధీ కాలేదు. మొదటి ఏడు పిల్లలు లారీ ఎక్కుతుంటే ఏడ్చింది. రెండో ఏడు కోపమొచ్చి ఆఫీసుల చుట్టూ తిరిగింది. ఇది నాలుగో ఏడు. ఇప్పుడు ఏమీ రావడం లేదు. మత్తిచ్చిన పంటిని నాలుకతో తడుముకున్నట్టు అప్పుడప్పుడు లోపల తడుముకుంటుంది, అంతే.

అయినా ఆ సాయంత్రం బస్సు వదిలేసి శిరీష ఇంటికి వెళ్ళింది. గురుకులం ప్రవేశ పరీక్ష మార్చిలో ఉంది. రాస్తే ఆ పిల్లకు సీటు ఖాయం. సీటొస్తే మళ్ళీ లారీ ఎక్కే పని లేదు. ఇప్పుడు సుగ్గికి పోతే పరీక్ష పోయినట్టే. తండ్రి గిడ్డయ్య అరుగు మీద కూర్చొని చినిగిన గోనెసంచి కుడుతున్నాడు.

"పాపను వదిలిపెట్టి పోండి గిడ్డయ్యన్నా. సుగ్గికి పోయినోళ్ళ పిల్లలకు హాస్టలు తెరుస్తారు."

"ఎప్పుడు తెరుస్తారు మేడం?"

ఏటా లారీలు పోయిన నెలకు గానీ ఆ హాస్టలు తెరుచుకోదు. చేతులు కాలాక ఆకులు పట్టుకునే వ్యవహారం.

"నేనూ నా పెండ్లాము సేన్లో ఉంటే సంటిదాన్ని ఎవురెత్తుకోవల్ల? మీరే సెప్పండి."

కోపంగా అనలేదు, నిజంగానే అడిగాడు. లోపల శిరీష చెల్లెల్ని చంకనేసుకుని జోకొడుతోంది. హాస్టలు తెరిచేదాకా మా ఇంట్లో ఉంచుకుంటానన్న మాట రష్మి నాలుక చివరిదాకా వచ్చింది. అమ్మ సీతాబాయి, ఆమె మడి, ఆమె వంటిల్లు గుర్తొచ్చాయి. మాట అక్కడే ఆగిపోయింది. సిగ్గుపడాలి కదా అనుకుంది. అదీ రాలేదు.

ఎమ్మిగనూరు జాతర చూసుకుని ఊరు లారీ ఎక్కింది. బడి ముందు మలుపు తిరుగుతుంటే సంచుల మధ్య నుంచి శిరీష అరిచింది.

"టీచర్, నేనొచ్చేదాకా ఇంగ్లీషోండ్లను పంపియ్యొద్దండి! వాండ్లు పోయేది నేను సూడల్ల!"

రష్మి తలూపింది. ఊపినందుకు మాట నిలబెట్టుకోవాల్సి వచ్చింది. మిగిలిన పిల్లలకు రోము చెప్పింది, జపాను చెప్పింది, మంగోలుల గుర్రాలు చెప్పింది. "ఇంగ్లీషోండ్లు పోయినారా టీచర్?" అని నరసింహ అడిగినప్పుడల్లా "ఇంకా లేదు" అనేది. "స్వతంత్రం ఎప్పుడిస్తావమ్మా?" అని హెడ్మాస్టరు అమర్‌నాథ్ ఎగతాళి చేశాడు. మార్చిలో గురుకులం పరీక్ష జరిగిపోయింది. ఆ రోజు కూడా రష్మి ఎప్పటిలాగే అన్నం తిన్నది, ఎప్పటిలాగే నిద్రపోయింది.

ఉగాది దాటి, కైరుప్పల ఊరి జాతరలో పిడకల కొట్లాట ఫొటోలు పేపర్లో వచ్చిన రోజున శిరీష బడికొచ్చింది. మిరప ఘాటుకు వేళ్ళ కొసలు తోలు లేచి ఎర్రగా ఉన్నాయి.

"పరీక్ష అయిపోయింది గదా టీచర్?"

"అయిపోయింది."

"ఇంగ్లీషోండ్లు?"

"ఉన్నారు. కూచో."

ఆఖరి పీరియడ్లో రష్మి గ్లోబు తీసింది. ఉప్పు పన్ను, ఊరేగింపులు, లాఠీలు, నిండిపోయిన జైళ్ళు, అర్ధరాత్రి వచ్చిన స్వతంత్రం, అన్నీ చెప్పింది. బాగానే చెప్పింది. చివరి ఓడ బయల్దేరేసరికి పిల్లలు చప్పట్లు కొట్టారు. శిరీష కొట్టలేదు, ఆలోచిస్తోంది.

"వాండ్ల ఊర్లో వాన పడిందా టీచర్?"

ఎవరూ నవ్వలేదు. వలసపోయినవాళ్ళు ఇల్లు చేరి, మళ్ళీ కదలకుండా ఉండటానికి ఆ గదిలో అందరికీ తెలిసిన కారణం అదొక్కటే. కాదు, మనం పోరాడి పంపించాం అని చెప్పాలి. అరగంట నుంచి చెప్పింది అదే. రష్మి శిరీష వేళ్ళ వైపు చూసింది. ఇన్నాళ్ళూ రానని మొండికేసిన దుఃఖం మత్తు దిగిన పన్నులా ఒక్కసారిగా సలిపింది.

"పడింది," అంది కష్టంగా.

"అట్లయితే వాండ్ల పిల్లోండ్లు బడికి పోయింటారు," అని శిరీష తృప్తిగా కూర్చుంది.