సోమవారం పేస్ట్రీలు

మా ఆయన ఇవానోకి నోరు లేదా అంటే, బోలెడంత ఉంది. రిఫరీలను తిట్టడానికీ, నా కాఫీకి వంకలు పెట్టడానికీ ఎప్పుడూ సిద్ధం. లమాంట్‌కి ఒక్క మాట చెప్పాల్సి వచ్చేసరికి మాత్రం బెల్లం కొట్టిన రాయిలా కూర్చున్నాడు.

లమాంట్ పికెట్ మా ఊరి బాస్కెట్‌బాల్ జట్టులో ఆడే అమెరికావాడు. తన దేశంలో పెద్ద జట్లేవీ పిలవకపోయేసరికి కాలేజీ అవగానే యూరప్ వచ్చేశాడు. ఫిన్లాండ్‌లో చలికి వణికాడు. సైప్రస్‌లో చేరిన క్లబ్బు మూతపడింది. పోలండ్‌లో మోకాలు విరగ్గొట్టుకుని, హంగరీలో బాగు చేయించుకుని, చివరికి ఇటలీలో ఆంకోనా దాటాక కొండమీదున్న మా ఊరు చేరాడు. విమానాశ్రయం నుంచి మా చిన్న కారులో, మోకాళ్లు గడ్డానికి తగులుతుండగా తీసుకొచ్చింది ఇవానోనే. జట్టు మేనేజరు కదా. అప్పటినుంచి ఆదివారాలు లమాంట్ భోజనం మా ఇంట్లోనే. ఈ వసంతంతో ఆట మానేస్తాననీ, ఆఖరి ఆట ఈ జనం ముందే ఆడాలనుందనీ మా బల్ల దగ్గరే అన్నాడు. ఇవానో లేచి కౌగిలించుకుని మాటిచ్చాడు. నేను అక్కడే ఉన్నాను.

నిన్న ఆదివారం మ్యాచ్ చివర్లో లమాంట్ రెండు ఫ్రీ త్రోలు వేయాల్సి వచ్చింది. రెండూ పోయాయి, మ్యాచ్ కూడా పోయింది. రాత్రికి రాత్రే క్లబ్బు అధ్యక్షుడు కొత్త అమెరికావాణ్ణి ఖాయం చేశాడు. మా లీగులో జట్టుకి ఒక్క విదేశీయుడే ఉండాలి, కొత్తవాడు వస్తే పాతవాడు పోవాల్సిందే. పొద్దున్నకల్లా నా పేస్ట్రీ దుకాణంలో కాఫీ తాగేవాళ్లందరికీ సంగతి తెలిసిపోయింది. తెలియాల్సిన మనిషికి తప్ప. ఇవానో చెప్పాలని అధ్యక్షుడు అన్నాడట, కోచ్ చెబుతాడని ఇవానో అనుకున్నాడట, అది తన పని కాదని కోచ్ చేతులు దులుపుకున్నాడట.

నువ్వెందుకు చెప్పలేదని మధ్యాహ్నం నిలదీస్తే ఇవానో నీళ్లు నమిలాడు. సాయంత్రం ప్రాక్టీసులో కొత్తవాణ్ణి చూసి లమాంటే అర్థం చేసుకుంటాడని గొణిగాడు.

"చూసి అర్థం చేసుకోవడానికి అదేమైనా వానా? మాటిచ్చిన నోరే కదా, చెప్పడానికేం?" అన్నాను. నా ఒళ్లు మండిపోయింది.

ఇంకో సంగతి ఆయనకి తట్టనేలేదు. మా జట్లలో ఒక పద్ధతి ఉంది. ఆదివారం తప్పు చేసినవాడు సోమవారం బట్టలు మార్చుకునే గదికి పేస్ట్రీలు పట్టుకెళ్లాలి. అందరూ తింటారు, ఏడిపిస్తారు, నవ్వుకుంటారు. తిన్నాక ఆ తప్పు సంగతి ఇంకెవరూ ఎత్తకూడదు. అంటే లమాంట్ ఇవాళ నా దుకాణానికే వస్తాడు.

వచ్చాడు. అద్దాల తలుపు మీద ఆ పొడవాటి నీడ పడగానే ఇవానో కాఫీ కప్పు వదిలేసి వెనకనున్న వంటగదిలోకి జారుకున్నాడు. ఇన్నేళ్ల కాపురంలో నా మొగుణ్ణి చూసి అంతగా సిగ్గుపడ్డది లేదు.

లమాంట్ తల వంచి లోపలికొచ్చి పెద్ద పళ్లెం కట్టమన్నాడు. ఎప్పట్లాగే కనోలీలు, అవే మీగడ కూరిన గొట్టాలు, ఎక్కువ వేయమన్నాడు. ఇక ఉండబట్టలేక అడిగేశాను.

"లమాంట్, ఒక్క నిమిషం కూర్చుంటావా? ప్రాక్టీసుకి..."

"తెలుసు సిన్యోరా." అతను కూర్చోలేదు. "పొద్దున మంగలి గడ్డం గీసి డబ్బులొద్దన్నాడు. కప్పు గెలిచినరోజు కూడా వదల్లేదు ఆ మహానుభావుడు. అప్పుడే అర్థమైపోయింది."

"మరి ఇంకా ఈ పేస్ట్రీలెందుకయ్యా?"

"రెండూ పోగొట్టాను కదా. ఇవి పెట్టకుండా పోతే ఈ ఊళ్లో నన్ను ఆ రెండింటితోనే గుర్తుపెట్టుకుంటారు. తింటే ఇంక ఎత్తకూడదుగా."

నాకు తల కొట్టేసినట్టయింది. కొత్తవాడు లమాంట్ కొక్కానికి బట్టలు తగిలించుకుని కూర్చున్న గదిలోకి ఇతను ఈ పళ్లెం పట్టుకుని వెళ్తాడట. అతను నోటు తీసి బల్ల మీద పెట్టాడు. వద్దనబోయాను. మంగలి గుర్తొచ్చి, నోరు మూసుకుని తీసుకున్నాను.

పళ్లేనికి కాగితం చుట్టి రిబ్బను కడుతుంటే లమాంట్ బల్ల మీదున్న కప్పు వైపు చూశాడు. సగం తాగిన కాఫీ ఇంకా పొగలు కక్కుతోంది. పక్కనే ఇవానో టోపీ.

"పిస్తాది ఒకటి విడిగా పెట్టండి," అన్నాడు. గొంతేమీ తగ్గించలేదు. "ఇవానోకి అదే ఇష్టం. నేను వెళ్లాక బయటికొస్తాడు, ఇవ్వండి."

రిబ్బను వేలికి తగిలించుకుని, మళ్లీ తల వంచి తలుపు దాటాడు.

చాలాసేపటికి ఇవానో వచ్చాడు. పిండి బస్తాల మధ్య నక్కినట్టున్నాడు, భుజాలన్నీ తెల్లగా ఉన్నాయి. పిస్తా కనోలీ ఉన్న ప్లేటు ఆయన ముందుకి తోశాను.

"తిను. అతని తప్పు అయిపోతుంది."

ఆయన దాన్ని ముట్టుకోలేదు.

"మరి మన తప్పుకి పేస్ట్రీలు పట్టుకెళ్లాలంటే," అన్నాను, "వచ్చే సోమవారానికి అతను ఇక్కడ ఉండడు."

ఇవానో టోపీ తీసుకున్నాడు, కానీ పెట్టుకోలేదు. చేతుల్లో నలుపుతూ అక్కడే నిలబడ్డాడు.