పోయాక పంపిస్తాం

ఆ హోటల్లో దుప్పట్లు ఉతికేది నేనే. బయట క్వారంటైన్ హోటల్ అని బోర్డు పెట్టారు గానీ, పై అంతస్తులకే ఆ భాగ్యం. సడలింపులు వచ్చాక కింద హాల్లో పుట్టినరోజు పార్టీలు మొదలయ్యాయి. మాస్కులు గడ్డాల కిందికి లాక్కుని, ఒకరి నోట్లో ఒకరు కేకు కుక్కుకుంటూ గంతులు. పైన మా అమ్మాయి గదిలో బందీగా కూర్చుని ఆ మైకు మోత వింటూ ఉండేది.

మా అమ్మాయి ఆదివారం విమానం దిగింది. సోమవారం నుంచి కొత్త రూలు. పరీక్షలో ఏమీ లేదని తేలితే నేరుగా ఇంటికి వెళ్ళిపోవచ్చు. ఆదివారం దిగినవాళ్ళకి మాత్రం పాత రూలే, గడువంతా కూర్చోవాల్సిందే. దాని స్నేహితురాలు మర్నాటి విమానంలో వచ్చి, అప్పుడే ఇంట్లో కాళ్ళు చాపుకుని దీనికి ఫోన్ చేసింది. ఆదివారం దాకా ఆ కరోనా పురుగుకి కోరలున్నాయి, సోమవారం తెల్లారేసరికి ఊడిపోయాయి కాబోలు.

మా అమ్మాయి అంత హడావిడిగా వచ్చింది మా అమ్మ కోసం. నేను పనిలో పడి తిరిగితే దాన్ని పెంచి పెద్దచేసింది మా అమ్మే. ఆవిడ మంచం పట్టింది. ఇక ఇంట్లోనే చూసుకోండని చెప్పి డాక్టరు చేతులు దులుపుకున్నాడు. చూపు సరిగా ఆనదు, చెవి అంతంతమాత్రం. ఫోన్లో మనవరాలిని చూపించబోతే, "ఈ అద్దం నా మొహం మీంచి తియ్యవే. దానికి కాళ్ళు లేవా?" అని కసిరేది. రోజంతా ఒకటే ప్రశ్న, వచ్చిందా అని. మా ఇల్లు హోటల్ వెనక వీధిలోనే. అమ్మాయి గది కిటికీలోంచి మా డాబా మీద ఆరేసిన బట్టలు కూడా కనిపిస్తాయి.

నా ఒళ్ళు మండే సంగతి ఇంకోటుంది. పై గదుల్లో ఉన్నవాళ్ళే దుప్పట్లు పచ్చ సంచుల్లో వేసి మూతి కడతారు, అవి నా దగ్గరికే వస్తాయి. ఆ మూతి విప్పేది నేను, దులిపేది నేను, మిషన్లో వేసేది నేను. మా అమ్మాయి దుప్పటీ అందులోదే. పని అయ్యాక చేతులు కడుక్కుని ఇంటికి వెళ్ళి మా అమ్మని ఎత్తి కూర్చోబెట్టేదీ నేనే. అయినా నా మీద పురుగు ఎక్కదట. నాకు స్టాఫ్ కార్డు ఉంది కదా, దాన్ని చూసి జడుసుకుంటుంది కాబోలు.

మా పనిలో ఒక పద్ధతుంది. పరిచినా ఎవరూ పడుకోని దుప్పటి మూలకి చిన్న ముడి వేసి పంపుతారు, విడిగా తియ్యడానికి. ఈ సంగతి మా అమ్మాయికి చిన్నప్పటి నుంచీ తెలుసు. ఒకరోజు దాని గది సంచి విప్పితే దుప్పటి మూలకి ముడి ఉంది. మడత కూడా నలగలేదు. పిల్ల నడుం వాల్చలేదన్నమాట. ఆ దుప్పటి అక్కడే పడేసి డెస్క్ దగ్గరికి వెళ్ళాను.

డెస్క్ దగ్గర కూర్చునే ఆఫీసరుకి మేం పెట్టుకున్న పేరు రూల్సయ్య. గాజు అద్దం వెనక కూర్చుని, చేతులకి మందు రాసుకుంటూ మాట్లాడతాడు.

"సార్, మా అమ్మ ఇవాళో రేపో అన్నట్టుంది. పిల్లని ఒక్కసారి తీసుకెళ్ళి చూపించి తీసుకొచ్చేస్తాను. వెనక వీధే సార్."

"బతికున్నవాళ్ళని చూడ్డానికి రూల్ లేదమ్మా. అంత్యక్రియలకైతే ఉంది. మనిషి వెంట ఉండి తీసుకెళ్ళి, తీసుకొస్తాడు."

"అంటే పోయాక చూపిస్తారా?"

"పోయాక చెప్పు, పంపిస్తాం. నేను రాసిన రూలా ఇది?"

ఎవడు రాశాడో వాడి అమ్మని ఇలాగే మంచం మీద పెట్టి, వాణ్ణి ఆ పై గదిలో పడేసి తలుపు గడియ పెట్టాలనిపించింది. నోట్లోకి వచ్చిన తిట్లు మింగి కిందికి దిగాను.

మర్నాడు పొద్దున్నే వెళ్ళి, "మా అమ్మ పోయింది సార్" అన్నాను.

ఏడుపు నటించాల్సిన అవసరం రాలేదు, అదే తన్నుకొచ్చింది. రూల్సయ్య ఫోన్ ఎత్తాడు. "మన స్టాఫేగా, డాక్టరు కాయితం తర్వాత ఇద్దువులే" అన్నాడు నాతో. బతికున్న మనిషికి దొరకని అనుమతి చచ్చిన మనిషికి చిటికెలో వచ్చేసింది.

అమ్మాయిని నిలువునా ప్లాస్టిక్ బట్టలో చుట్టి వ్యానెక్కించారు. దాని వెంట వచ్చిన కుర్రాడికి చావిల్లంటే భయం. వీధి మొదట్లోనే ఆగి, "నేను లోపలికి రాను, మీరు తొందరగా వచ్చెయ్యండి" అన్నాడు. ఇంటి ముందు జనం లేరేమని అడగనైనా లేదు. జనం పోగవకూడదన్నది కూడా వాళ్ళ రూలే. ఆ ఒక్కటి మాకు కలిసొచ్చింది.

మా అమ్మ కళ్ళు చికిలించి చూసింది. "ఈ గోనెసంచి ఎవరే?"

అమ్మాయి ముసుగు, మాస్కు పీకేసింది. నేను వద్దనలేదు. వాళ్ళమ్మమ్మ చెయ్యి మొహానికి ఆనించుకుని వెక్కి వెక్కి ఏడ్చింది.

"చిక్కిపోయావు. ఏదైనా తిన్నావా?" అని దాని బుగ్గ తడిమింది మా అమ్మ. "ఎందుకే ఆ ఏడుపు? నేనింకా పోలేదుగా."

నేను గుమ్మం పట్టుకుని నిలబడ్డాను. ఆవిడ మొహంలోకి చూడలేకపోయాను.

ఆ తర్వాత మా అమ్మ వచ్చిందా అని అడగడం మానేసింది. అమ్మాయి వచ్చివెళ్ళిన వారంలోపే, నేను దుప్పట్లు మిషన్లో వేస్తుండగా పక్కింటి పిన్ని ఫోన్ చేసింది. "మీ అమ్మ ఇక లేదే" అంది.

నా పాడు నోటి మాటే తగిలిందేమో అనిపించింది. చేతులు తుడుచుకోకుండానే మెట్లెక్కాను. పిల్లని ఇంకోసారి పంపమని అడగాలి. కానీ ఏమని అడగను? మొన్న అబద్ధం చెప్పానంటే దానికి క్వారంటైన్ మళ్ళీ మొదటి నుంచి మొదలుపెడతారు. నా ఉద్యోగం సరేసరి.

రూల్సయ్య తలెత్తి నన్ను చూశాడు. "ఇంకా ఏడుస్తున్నావా? పోయిన మనిషి తిరిగి రాదు కదమ్మా. మనసు గట్టి చేసుకోవాలి."

ఆ అద్దం మీద తల బాదుకోవాలనిపించింది. "ఇంటికి వెళ్ళాలి సార్" అన్నాను.

"సెలవు మొన్న వాడేశావుగా. ఒంట్లో బాగాలేదా? అలాగైతే నిన్ను కూడా పై గదిలో పెట్టాలి."

"ఒంట్లో బాగానే ఉంది సార్. ఇంట్లో నీళ్ళ పైపు పగిలింది."

ఆయన మొహం మారిపోయింది. "అలా చెప్పవేం? పైపంటే ఆలస్యం చెయ్యకూడదు, ఇల్లంతా పాడైపోతుంది. వెళ్ళు వెళ్ళు."

వీధిలోకి వచ్చి అమ్మాయికి ఫోన్ చేసి చెప్పాను. "నన్ను చూసింది కదమ్మా" అంది. తలెత్తి చూస్తే కిటికీ దగ్గర నిలబడి ఉంది, మా డాబా వైపు తిరిగి.

మా అమ్మని సాగనంపేటప్పుడు ఆ కిటికీ కనపడేలా వీధిలో కాసేపు ఆపమన్నాను. మోసేవాళ్ళు విసుక్కున్నారు, అయినా ఆపారు. సరిగ్గా అప్పుడే కింద హాల్లో ఎవరిదో పుట్టినరోజు, మైకు మొదలైంది.

మర్నాడు పనికి వెళ్తే రూల్సయ్య అద్దం వెనక నుంచి పలకరించాడు. "పైపు బాగైందా?"

బాగైందని చెప్పి కిందికి దిగాను. మా అమ్మాయి గది సంచి వచ్చి ఉంది. విప్పితే దుప్పటి మూలకి మళ్ళీ ముడి ఉంది.