పదకొండు పుట్టుకలు, ఒక సంతకం

నేను ఒక పాత కంప్యూటర్‌ని. పాత అన్నానని జాలిపడకండి, నాకు పనిచెయ్యడం చేతకాక ఈ కథ చెప్పడం లేదు. పని చెయ్యనివ్వక చెబుతున్నాను.

నన్ను రాజమండ్రిలో ఒక చిన్న దుకాణంలో, ఒకచోట కొన్న పెట్టెలో మరోచోట కొన్న సామాను బిగించి తయారుచేశారు. మొదట జాతకాలు వేసే సెంటరుకి వెళ్ళాను. అక్కడి సిద్ధాంతిగారు పుట్టిన తేదీ, వేళ అడిగి, మీట నొక్కి, ఐదు నిమిషాల్లో నిండు నూరేళ్ళ జీవితం ముద్రించి చేతిలో పెట్టేవారు. పెళ్ళి కుదురుతుందో లేదో, ఉద్యోగం ఎప్పుడొస్తుందో, అన్నీ ఐదు నిమిషాల్లో. తప్పో ఒప్పో, ఆయన ఎవర్నీ రేపు రమ్మనలేదు. ఆ రోజుల విలువ నాకప్పుడు తెలియలేదు. ఆయన కొత్తది కొనుక్కుని నన్ను సెకండ్‌హ్యాండ్ షాపుకిచ్చేశాక, అక్కణ్ణుంచి ధవళేశ్వరంలో దంగేటి వీరభద్రంగారి ఇంటికి చేరాను. అప్పుడు తెలిసింది.

భద్రంగారు ఇరిగేషన్ ఆఫీసులో సూపరింటెండెంటు. మంచి మనిషి. చీమకి కూడా దారిచ్చి నడుస్తాడు. వచ్చిన రోజే నన్ను తడిబట్టతో తుడిచి, బొట్టుపెట్టి, భార్యని పిలిచి చూపించాడు.

"హైమా, ఇకనుంచి మనింటి ఫైల్ సర్వరు ఇదే. నీ పాటలూ, ఫొటోలూ, కాయితాలూ అన్నీ ఇందులోనే ఉంటాయి. ఏ గదిలోంచైనా తీసి చూసుకోవచ్చు."

హైమావతిగారు నా వైపు చూసి తలూపింది. తర్వాత గుసగుసలాంటి గొంతుతో, "ముందు పాటలు ఎక్కించెయ్యండి" అంది.

ఆ గొంతు సంగతి చెప్పాలి. పదిహేనేళ్ళపాటు ఆ చుట్టుపక్కల ఎవరింట్లో పెళ్ళయినా హైమావతిగారు పాడాల్సిందే. తలంబ్రాల పాట, బంతులాట పాట, అప్పగింతల పాట. అన్నీ అత్తగారి దగ్గర నేర్చుకున్నవే, ఏ పుస్తకంలోనూ లేవు. రెండేళ్ళ కిందట మెడలో గడ్డకి ఆపరేషన్ అయింది. ప్రాణం నిలబడింది, గొంతు జీరబోయింది. మాట వస్తుంది, పాట రాదు. అదృష్టవశాత్తూ భద్రంగారు అంతకుముందే ఆ పాటలన్నీ ఒక్కొక్కటిగా రికార్డు చేసి ఉంచాడు. రెండువందల పద్నాలుగు పాటలు, ఒక చిన్న నల్ల డిస్కులో. ఆ డిస్కు దసరాకి బూజులు దులుపుతుంటే అలమరా మీంచి కిందపడింది. అప్పట్నుంచీ దానికి టిక్కు టిక్కుమని ఒక చప్పుడు పట్టుకుంది. మొదటిరోజు నాకు తగిలించి చూసుకున్నాడు, అన్ని పాటలూ తెరుచుకున్నాయి. అరగంట కూర్చుంటే అన్నీ నాలోకి వచ్చేసేవి.

కూర్చోలేదండీ!

"ముందు ఏ ఆపరేటింగ్ సిస్టమ్ వెయ్యాలో తేలాలి కదా" అన్నాడు. సరే, అదీ న్యాయమే. నన్ను నడిపే పెత్తనం దానిది. సామాను ఏ అరలో ఎలా సర్దాలో చూసుకునేది ఫైల్ సిస్టమ్. రెండూ కావాలి. మధ్యాహ్నం అన్నం తినేలోపు తేల్చుకోదగ్గ విషయం. భద్రంగారు దానికి కంపారిటివ్ స్టేట్‌మెంట్ మొదలుపెట్టాడు.

ఆఫీసులో తూములకి తలుపులు కొనాలన్నా, కుర్చీలు కొనాలన్నా ఆయన చేసే పని అదే. గీతలు గీసిన పట్టికలో ఎవరిది ఎంత బాగు, ఎంత ఓగు అని రాసి పైకి పెట్టడం. ఇరవయ్యారేళ్ళుగా చేస్తున్నాడు. ఇక్కడా అలాగే రాశాడు. డెబియన్ నమ్మకమైనదే, కానీ. డెబియన్ నమ్మకమైనదే, కానీ. ఫ్రీబీఎస్‌డీ గట్టిదే, కానీ. జెడ్‌ఎఫ్‌ఎస్ అనే ఫైల్ సిస్టమ్ దాచినదాన్ని తనే తనిఖీ చేసుకుంటుందట, కానీ దానికి మెమొరీ దండిగా ఉంటే మంచిదట. ఆ పట్టికలో 'కానీ' లేని వరుస ఒక్కటి చూపించండి, నేను ఈ క్షణమే పాతసామాన్ల బండెక్కేస్తాను.

రాసి ఊరుకుంటేనా! ఆదివారం ఒకటి వేస్తాడు. బుధవారం ఇంటర్నెట్‌లో ఎవరో దాన్ని తిడతారు. శనివారం చెరిపేసి ఇంకొకటి వేస్తాడు. ఎనిమిది నెలల్లో పదకొండుసార్లు నన్ను పుట్టించి పదకొండుసార్లు చంపాడు. పుట్టినప్పుడల్లా మాత్రం శ్రద్ధగా 'తలంబ్రాలు', 'బంతులాట', 'అప్పగింతలు' అని ఫోల్డర్లకి పేర్లు పెట్టేవాడు. లోపల ఒక్క పాట లేదు. ఆలూ లేదు చూలూ లేదు, కొడుకు పేరు సోమలింగమట.

హైమావతిగారు మధ్యమధ్య వచ్చి అడిగేది.

"ఏవండీ, పోనీ మీ ఆఫీసు లాప్‌టాప్‌లోకైనా ఎక్కించి ఉంచండి. ఆ చప్పుడు వింటుంటే నాకు భయంగా ఉంటోంది."

"తాత్కాలిక ఏర్పాట్లు చేశామంటే అవే శాశ్వతమైపోతాయే. నీకు తెలీదు. ఒక్క వారం ఆగు."

ఎన్ని వారాలండీ ఆగేది! ఇల్లు కాలుతుంటే నుయ్యి తవ్వేవాళ్ళని చూసి జనం నవ్వుతారు. మా భద్రంగారు తవ్వడం కూడా మొదలుపెట్టలేదు. నుయ్యి గుండ్రంగా ఉండాలా చదరంగా ఉండాలా అని పట్టిక రాసుకుంటున్నాడు. నాకు నోరుంటే ఎప్పుడో అరిచేసేవాణ్ణి. ఒకటి రెండుసార్లు మొండికేసి తెర నల్లగా పెట్టుకుని కూర్చున్నాను కూడా. ఆయన దాన్నీ పట్టికలో నా ఖాతాలో ఒక లోపంగా రాసుకున్నాడు. నా ఖర్మ!

ఎనిమిదో నెల చివర ఒక ఆదివారం పొద్దున్న డిస్కు తగిలిస్తే తెరుచుకోలేదు. తీసి మళ్ళీ తగిలించాడు, లేదు. మూడోసారికి తెరుచుకుంది గానీ, ఈసారి టిక్కు టిక్కు కాదు, గరగరమని గీసుకుంటున్న చప్పుడు. వంటింట్లోంచి హైమావతిగారు చెయ్యి కొంగుకి తుడుచుకుంటూ వచ్చి నిలబడింది. బల్లమీద ట్యాగు కట్టి ఉన్న ఆ నాలుగు కాగితాల పట్టిక తీసి, ఆఖరి పేజీ తిప్పి, అడుగునున్న వాక్యం మీద వేలు పెట్టింది. 'తమ ఆదేశాల కొరకు సమర్పించడమైనది.' చేతి అలవాటు మరి, ఇంట్లో కాగితం మీదా అదే రాసుకున్నాడు.

"ఇది ఎవరికి సమర్పించారండీ?"

ఆయన ఆ వాక్యం మీదికి వంగి మళ్ళీ చదువుకున్నాడు.

"ఆఫీసులో మీ ఫైళ్ళమీద సంతకం ఎవరు పెడతారు?"

"మా ఎగ్జిక్యూటివ్ ఇంజనీరు గారు."

"మరిక్కడెవరు పెడతారు?"

ఎనిమిది నెలల జబ్బేమిటో నాకప్పటికి అర్థమైంది. ఈ మనిషి జన్మలో ఏదీ తేల్చలేదు. పైకి పెట్టాడు, ఎవరో తేల్చారు. ఇంట్లో పైన ఎవరూ లేకపోయేసరికి పాపం కాగితం చేత్తో పట్టుకుని అలా నిలబడిపోయాడు.

హైమావతిగారు ఆయన జేబులోంచే కలం తీసుకుంది. పట్టిక చదవనే లేదు. 'మొదటిది. ఈరోజే' అని రాసి కింద సంతకం పెట్టింది. భద్రంగారు కుర్చీలోంచి లేచి, కాగితాన్ని రెండు చేతులతో అందుకున్నాడు. సంతకం చూడగానే ఆ మనిషికి ఎక్కణ్ణుంచి వచ్చిందో అంత చురుకు! మొదటి వరుసలో ఉన్నది డెబియన్, దాని ఫైల్ సిస్టమ్ ఈఎక్స్‌టీ ఫోర్. పక్కన 'సాదా' అని రాసుకున్నాడు. ముప్పావుగంటలో పన్నెండోసారి పుట్టాను. పాటలు రావడం మొదలైంది.

వచ్చినదాన్ని వచ్చినట్టు పట్టుకున్నాను. ఒక్కటి జారనివ్వలేదు, ఒట్టు. నూట యాభయ్యొకటో పాట పూర్తవగానే డిస్కు ఒక్కసారి గట్టిగా గీసుకుని ఆగిపోయింది. ఇక తెరుచుకోలేదు. రానివి అరవై మూడు. అప్పగింతల పాటలు ఒక్కటీ రాలేదు.

"జెడ్‌ఎఫ్‌ఎస్ పెట్టుంటే..." అని గొణిగాడు భద్రంగారు.

"ఏది పెట్టినా వచ్చేవండీ. పెట్టుంటే."

ఆయన నేలమీద కూలబడిపోయాడు. "నాదే తప్పు హైమా. నీ గొంతు నా చేతుల్లో ఉంచావు. నేను..." నాకు అంతకుముందు వరకూ ఆయన్ని చూస్తే ఒళ్ళు మండేది. అప్పుడు మాత్రం తిట్టబుద్ధి కాలేదు.

హైమావతిగారు అంది, "ఆ అరవైమూడింట్లో మాటలు నాకు వచ్చండీ. చెబుతాను, రాసుకోండి. బాణీ ఎలా చెప్పనూ?" కళ్ళు తుడుచుకుంది. "ముందు ఉన్నవాటినైనా ఇంకోచోట దాచండి. వెళ్ళి కొత్త డిస్కు పట్టుకురండి."

"ఏ డిస్కు మంచిదో ఒకసారి..."

ఆవిడ ఆయన వైపు ఊరికే చూసింది. ఆయన చెప్పులు వేసుకుని వెళ్ళిపోయాడు.

ఆవిడ కుర్చీ లాక్కుని నా ముందు కూర్చుని, ఒక తలంబ్రాల పాట పెట్టింది. పాట వెనక ఎక్కడో కుక్కరు కూత, "కొంచెం దగ్గరగా పాడవే" అని భద్రంగారి గొంతు. ఆ పైన నిండుగా, బెరుకు లేకుండా ఆవిడ గొంతు. నా ఫ్యాను రొద అడ్డొస్తోందని కాబోలు, చెవి స్పీకరు దగ్గర పెట్టింది. ఫ్యాను ఆపుకుందామంటే అది నా చేతిలో లేదు. రెండో చరణంలో ఆవిడ గొంతు కలపబోయింది. గాలి తప్ప ఏమీ రాలేదు, పాట ముందుకు వెళ్ళిపోయింది. ఆవిడ మళ్ళీ మొదటినుంచి పెట్టింది.